నాన్న రిపోర్టులో గ్లోబ్యులిన్ 7.1, మైలోమా అనుమానం అంటున్నారు: ఈ రక్త పరీక్షలేంటో తెలిసినవాళ్లు చెప్పండి

వంశధార ఒడ్డు | ఆదివారం రాత్రి 9:52

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ జిల్లా, గుణుపురం పక్కన పల్లె. నాన్నకి 63 ఏళ్లు. పోయిన వినాయక చవితి నుంచి నడుము నొప్పి. మొదట్లో వడ్ల బస్తా ఎత్తినప్పుడు పట్టేసిందనుకున్నాం. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూదులు, తర్వాత టౌన్లో ఎముకల డాక్టరు దగ్గర నొప్పి మాత్రలు, క్యాల్షియం బిళ్లలు, నడుముకి బెల్టు. ఎనిమిది నెలలు ఇలాగే గడిచాయి. మనిషి సగమైపోయాడు, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం.

మొన్న బుధవారం విశాఖ తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు గారు మా ఫైలు మొత్తం తిరగేసి, జనవరిలో తీసిన ఒక మామూలు రిపోర్టు దగ్గర ఆగి, "దీన్ని ఇప్పటిదాకా ఎవరూ చూడలేదా?" అన్నారు. అందులో టోటల్ ప్రొటీన్ 10.1, ఆల్బుమిన్ 3.0, గ్లోబ్యులిన్ 7.1 అని ఉంది. పక్కన చిన్న నక్షత్రం గుర్తు కూడా ఉంది, మాకేం తెలుస్తుంది. ఇప్పుడు హిమోగ్లోబిన్ 8.4, ఈఎస్ఆర్ 118, క్రియాటినిన్ 1.9, క్యాల్షియం 10.6. ఎమ్మారైలో ఒక వెన్నుపూస నొక్కుకుపోయింది అని రాశారు.

మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మూలుగలో వచ్చే ఒక రకం క్యాన్సర్, అయి ఉండొచ్చు, ఈ పరీక్షలు చేయించి రండి అని చీటీ రాసిచ్చారు. సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఇమ్యునోఫిక్సేషన్, ఫ్రీ లైట్ చైన్స్, ఐజీజీ ఐజీఏ ఐజీఎం, బీటా 2 మైక్రోగ్లోబ్యులిన్, ఎల్‌డీహెచ్, 24 గంటల మూత్రం. ఇన్నెందుకు? రక్తంలోనే క్యాన్సర్ ఉందో లేదో తేలిపోతుందా? గూగుల్ చూస్తే ఇంకా టెన్షన్ ఎక్కువైంది. నాన్నకి ఇంకా చెప్పలేదు.

---

నాగావళి68 | ఆదివారం రాత్రి 10:20

తమ్ముడూ, కంగారు పడకు. మా బాబాయికి కూడా రాయగడలో ఇలాగే నడుము నొప్పి, ఈఎస్ఆర్ 100 దాటింది, బరువు తగ్గాడు. చివరికి వెన్నుపూస టీబీ. తొమ్మిది నెలల పైన మందులు వాడాడు, ఇప్పుడు పొలం పనికి పోతున్నాడు. మీ నాన్నకీ అదే అయి ఉంటుంది.

---

ల్యాబ్ గది | ఆదివారం రాత్రి 11:08

నాగావళి గారూ, మీ బాబాయి బాగుపడటం సంతోషం, కానీ ఇక్కడ ఒక తేడా ఉంది. టీబీలో ఈఎస్ఆర్, అంటే ట్యూబులో ఎర్ర కణాలు అడుగుకి దిగే వేగం, పెరుగుతుంది, గ్లోబ్యులిన్ కూడా కాస్త పెరగొచ్చు. కానీ 7.1 దాకా వెళ్లడం అంత తేలిగ్గా జరగదు. నేను పార్వతీపురంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, పదకొండేళ్లుగా ఇదే పని. కొరాపుట్, రాయగడ వైపు నుంచి శాంపిల్స్ చాలానే వస్తాయి మాకు.

వంశధార గారూ, నాకు తెలిసినంతలో చెప్తాను, ఓపికగా చదవండి.

ముందు ఆ 7.1 సంగతి. గ్లోబ్యులిన్‌ని మెషిన్ విడిగా కొలవదు. టోటల్ ప్రొటీన్ కొలుస్తుంది, ఆల్బుమిన్ కొలుస్తుంది, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలింది గ్లోబ్యులిన్. మీ రిపోర్టులో 10.1లోంచి 3.0 పోతే 7.1. మామూలు మనిషిలో ఆల్బుమిన్ మూడున్నర నుంచి ఐదు, గ్లోబ్యులిన్ రెండు నుంచి మూడున్నర దాకా ఉంటుంది, అంటే ఆల్బుమినే ఎక్కువ. మీ నాన్నగారిలో లెక్క తిరగబడింది. లివర్ పరీక్ష అని రాసే దాంట్లోనే ఈ అంకెలు ఉంటాయి. అందరూ బిలిరుబిన్ చూసి, కామెర్లు లేవు అని పేజీ తిప్పేస్తారు. నాకు అసలు కోపం ఇక్కడే. మైలోమా మనుషుల్లో చాలామంది ఫైల్లో ఈ అంకె ముందే కూర్చుని ఉంటుంది.

ఇక ఈ ఎక్కువ ప్రొటీన్ ఎక్కడిది? మూలుగలో ప్లాస్మా కణాలని ఉంటాయి, రోగాలతో పోట్లాడే యాంటీబాడీలు తయారు చేయడం వాటి పని. మామూలుగా రకరకాల కణాలు రకరకాల యాంటీబాడీలు చేస్తాయి. మైలోమాలో ఒకే కణం అదుపు తప్పి పిల్లల్ని పెట్టేసి, అన్నీ కలిసి ఒకే అచ్చు ప్రొటీన్‌ని గుట్టలుగా పోస్తాయి. ఆ ఒకే అచ్చు సరుకు ఉందా లేదా అని చూసేదే ఎలక్ట్రోఫోరెసిస్. సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) చుక్కని జెల్ మీద పెట్టి కరెంటు పంపిస్తే ప్రొటీన్లు పరిగెత్తుతాయి, ఆల్బుమిన్ అందరికంటే ముందుకి పోతుంది, వెనక ఆల్ఫా 1, ఆల్ఫా 2, బీటా, చివర గామా. టీబీ, లివర్ జబ్బు, కీళ్లవాతం లాంటి వాటిలో గామా దగ్గర వెడల్పాటి దిబ్బ లేస్తుంది, ఎందుకంటే రకరకాల యాంటీబాడీలు పెరిగాయి. మైలోమాలో దిబ్బ కాదు, తాటిచెట్టులా సన్నగా నిటారుగా ఒక్కటి లేస్తుంది. దాన్నే ఎం బ్యాండ్ లేదా ఎం స్పైక్ అంటారు. ఈ కరెంటు పద్ధతికి దారి వేసిన స్వీడన్ సైంటిస్టు టిసేలియస్‌కి 1948లో నోబెల్ ఇచ్చారు. ఇది మా మాస్టారు క్లాసులో పదేపదే చెప్పేవారు, అందుకే మర్చిపోలేదు.

ఎం బ్యాండ్ ఉందని తేలాక అది ఏ రకం అని చెప్పేది ఇమ్యునోఫిక్సేషన్: యాంటీబాడీల్లో ఐజీజీ నా ఐజీఏ నా, కప్పా నా లాంబ్డా నా అని. ఫ్రీ లైట్ చైన్స్ గురించి రేపు రాస్తాను, చెయ్యి నొప్పెడుతోంది.

---

మహేంద్రతనయ | సోమవారం ఉదయం 6:41

ఫ్రీ లైట్ చైన్స్ గురించి నేను రాస్తాను అన్నయ్యా, దాని ఖరీదు మా ఇంట్లో బాగా తెలుసు, డబ్బుల ఖరీదు కాదు.

మాది పర్లాకిమిడి. మా అమ్మకి 2021లో పక్కటెముకల నొప్పి, ఆకలి లేకపోవడం, క్రియాటినిన్ మెల్లగా పెరగడం. డాక్టరు మైలోమా అనుమానించారు, ఆ మాట నిజమే, వాళ్లని నేను తిట్టను. ఎలక్ట్రోఫోరెసిస్ రాశారు. ఎం బ్యాండ్ లేదు అని వచ్చింది. గ్లోబ్యులిన్ కూడా మామూలే, ఇంకా తక్కువే. హమ్మయ్య అనుకుని గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టాం. ఐదు నెలలు కిడ్నీ మందులు వాడాం. ఐదో నెలలో అమ్మ మంచం మీంచి లేస్తూ చెయ్యి ఆనిస్తే చెయ్యి విరిగింది. పడలేదు, జారలేదు. అప్పుడు వేరే డాక్టరు లైట్ చైన్ పరీక్ష రాస్తే లాంబ్డా వేలల్లో ఉంది.

మాకు తర్వాత అర్థమైంది ఏంటంటే, యాంటీబాడీ అంటే రెండు బరువు గొలుసులు, రెండు తేలిక గొలుసులు (లైట్ చైన్స్, కప్పా లేదా లాంబ్డా రకం) కలిసిన బొమ్మ. కొందరిలో ఆ చెడ్డ కణాలు మొత్తం బొమ్మని చేయవు, తేలిక గొలుసుల్ని మాత్రమే చేసి వదులుతాయి. నూటికి 15 నుంచి 20 మందిలో ఇలాగే ఉంటుందట. అవి చిన్నవి కాబట్టి కిడ్నీలోంచి మూత్రంలోకి జారిపోతాయి, రక్తంలో గుట్ట కనపడదు, కిడ్నీ మాత్రం పూడుకుపోతుంది. మూత్రం పుల్ల ముంచి చూసే పరీక్షలో కూడా ఇది సరిగ్గా పట్టుబడదు, ఆ పుల్ల ఎక్కువగా ఆల్బుమిన్‌నే చూస్తుంది. అమ్మకి మూడుసార్లు పుల్ల పరీక్షలో ప్రొటీన్ "ట్రేస్" అనే వచ్చింది.

కాబట్టి తమ్ముడూ, డబ్బులు తగ్గించుకుందామని చీటీలో ఒకటి గీసేసి ఒకటి చేయించకు. ఎలక్ట్రోఫోరెసిస్, లైట్ చైన్స్ రెండూ కలిపి చేయించు. 24 గంటల మూత్రం పట్టడం చిరాకే, ఐదు లీటర్ల క్యాన్ పట్టుకుని ఇంట్లో అందరం కాపలా కాశాం, అయినా చేయించు.

---

ధర్మాబాద్ మిర్చి | సోమవారం ఉదయం 8:15

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ నుంచి. మీరందరూ భయపెడుతున్నారు. ల్యాబుల వాళ్లకి ఏం, పది పరీక్షలు రాస్తే పది కమీషన్లు. మా దగ్గర ఒకాయనకి ఎం బ్యాండ్ ఉంది అని రిపోర్టు ఇస్తే ఇంట్లో ఏడుపులు, ఊరంతా పరామర్శలు. మూడేళ్లయింది, ఆయన మిర్చి యార్డులో బస్తాలు లెక్కపెడుతూ బ్రహ్మాండంగా ఉన్నాడు. నన్నడిగితే ముందు ఆకు మందు నలభై రోజులు వాడి చూడండి, మా వైపు ఇచ్చేవాళ్లున్నారు.

---

ప్రాణహిత సిస్టర్ | సోమవారం మధ్యాహ్నం 1:30

మిర్చి అన్నా, ఆ ఒకాయనది మైలోమా కాకపోవచ్చు, దానికి వేరే పేరుంది. డ్యూటీ మధ్యలో తింటూ రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి. నేను గడ్చిరోలి జిల్లా సిరొంచలో నర్సుని.

ఎం బ్యాండ్ కనపడిన ప్రతివాళ్లకీ మైలోమా ఉన్నట్టు కాదు. యాభై దాటినవాళ్లలో నూటికి సుమారు ముగ్గురిలో చిన్న ఎం బ్యాండ్ ఉంటుంది, వాళ్లకి ఏ బాధా ఉండదు. దాన్ని ఎమ్‌జీయూఎస్ అంటారు, పలకడం ఎమ్‌గస్ అని. ఎం ప్రొటీన్ 3 గ్రాముల లోపు, మూలుగలో ప్లాస్మా కణాలు 10 శాతం లోపు, ఎముకలకి కిడ్నీకి దెబ్బ లేదు, అప్పుడు ఆ పేరు పెడతారు. మందు ఉండదు, అప్పుడప్పుడు పరీక్ష చేయించుకుంటూ ఉండాలి అంతే. ఏడాదికి నూటికి ఒకరు చొప్పున మైలోమా వైపు వెళ్తారు. మా మామయ్య అలాంటివాడే, ఆరేళ్లుగా ఏడాదికోసారి కాళేశ్వరం వంతెన దాటి కరీంనగర్ పోయి రక్తమిచ్చి వస్తాడు. నాగపూర్ మాకు చాలా దూరం. మీవాడిని కూడా ఆ ఏడాది పరీక్ష మానవద్దని చెప్పన్నా, బాగున్నాడు కదా అని మానేసేవాళ్లే ఎక్కువ.

కానీ వంశధార తమ్ముడి నాన్నగారికి హిమోగ్లోబిన్ పడింది, క్రియాటినిన్ లేచింది, వెన్నుపూస నొక్కుకుంది. అది వేరే కథ. ఆకు మందుకి నలభై రోజులు ఇస్తే కిడ్నీ నలభై రోజులు ఊరుకోదు.

ఇంకో మాట. మా అడవి వైపు రక్తం తక్కువ అనగానే సికిల్ సెల్ అనుకుంటారు, లేదా పాత మలేరియా. అనుకోవడంలో తప్పు లేదు, ఇక్కడ అవి చాలా ఎక్కువ. కానీ సికిల్ ఉన్నవాళ్లలో ఈఎస్ఆర్ మామూలుగా తక్కువే వస్తుంది, ఆ కొడవలి కణాలు ఒకదానిమీద ఒకటి పేర్చుకోలేవు. రక్తం తక్కువ, ఈఎస్ఆర్ వంద దాటింది, వయసు మీద పడింది, ఎముక నొప్పి, ఈ నాలుగూ కలిస్తే మా పాత మెడికల్ ఆఫీసర్ గారు వెంటనే ప్రొటీన్ చూడమనేవారు.

---

ల్యాబ్ గది | సోమవారం రాత్రి 8:55

సిస్టర్ బాగా చెప్పారు. ఆ పేర్చుకోవడం మేము గాజు పలక మీద చూస్తాం. మైలోమా రక్తంలో ప్రొటీన్ చిక్కగా ఉండటం వల్ల ఎర్ర కణాలు రూపాయి బిళ్లల దొంతరలా అతుక్కుంటాయి. రూలో అంటారు. సీబీసీ మెషిన్ ఈ మాట చెప్పదు, ఎవరో ఒకరు స్మియర్ వేసి కళ్లతో చూడాలి. మిర్చి గారు అన్న కమీషన్ల మాట పూర్తిగా అబద్ధం అని నేననను, కానీ ఈ పరీక్షల విషయంలో కాదు.

---

వంశధార ఒడ్డు | సోమవారం రాత్రి 10:30

అందరికీ చాలా థాంక్స్. మహేంద్రతనయ అక్కా, మీ పోస్టు చదివి చీటీలో ఏదీ గీయలేదు.

ఒక డౌటు. నాన్నని మళ్లీ విశాఖ తీసుకెళ్లడం అంటే గుణుపురం ప్యాసింజర్‌లో రోజంతా కూర్చోవాలి, ఆ నడుముతో కష్టం. ఇక్కడ టౌన్లో ఒక ల్యాబు వాళ్లు రక్తం ఇక్కడే తీసి బస్సులో పంపిస్తాం అంటున్నారు. పంపొచ్చా? పరగడుపున ఇవ్వాలా? అన్నీ కలిపి నాకు చెప్పింది తొమ్మిది వేల చిల్లర.

---

ల్యాబ్ గది | సోమవారం రాత్రి 11:12

పంపొచ్చు. కానీ వాళ్లని రెండు మాటలు అడగండి. ఒకటి, గడ్డకట్టాక సీరం విడదీసి పంపుతారా, లేక రక్తం ట్యూబుని అలాగే పంపుతారా? ఈ ఎండల్లో బస్సు కుదుపులకి ఎర్ర కణాలు పగిలిపోతే సీరం ఎర్రబడుతుంది, అప్పుడు లేని బ్యాండ్ ఉన్నట్టు కనపడొచ్చు. రెండు, సీరమే పంపుతున్నారా ప్లాస్మానా? గడ్డకట్టకుండా మందు ఉన్న ట్యూబులో తీస్తే ఫైబ్రినోజెన్ మిగిలిపోయి బీటాకి గామాకి మధ్యలో గీత పడుతుంది, అచ్చం ఎం బ్యాండ్ లాగే. ఈ పొరపాటుతో ఒక రిపోర్టు వెళ్లడం నేను కళ్లారా చూశాను, ఎక్కడో చెప్పను. సీరం విడదీసి, ఐస్ ప్యాక్ పెట్టి పంపితే ఇబ్బంది లేదు.

పరగడుపు తప్పనిసరి కాదు, కానీ నూనె తిండి తిన్న వెంటనే ఇస్తే సీరం పాలలా మారి చిరాకు పెడుతుంది. పొద్దున్నే ఇచ్చేయండి.

లైట్ చైన్స్ ఎక్కడ చేయించారో రాసి పెట్టుకోండి. ముందు ముందు మళ్లీ మళ్లీ చేయించాల్సి వస్తుంది, ఒక కంపెనీ కిట్ అంకెకీ ఇంకో కంపెనీ కిట్ అంకెకీ పొంతన ఉండదు. అదే ల్యాబు, అదే పద్ధతి.

---

బరంపురం పట్టు | మంగళవారం తెల్లవారుజాము 2:04

నైట్ డ్యూటీలో ఉన్నాను. బరంపురంలో మెడిసిన్ పీజీ చేస్తున్నా, మా ఇంట్లో తెలుగే, వార్డులో ఒడియా. మీ డాక్టరు గారి మాటే ఫైనల్, నేను పేషెంటుని చూడలేదు. కానీ పరీక్షల కంటే ముందు అర్జెంటు అయినవి ఉన్నాయి, ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా.

నాన్నగారు ఇంకా నొప్పి మాత్రలు వేసుకుంటున్నారా? డైక్లోఫెనాక్ లాంటివి ఈ జబ్బు అనుమానం ఉన్నవాళ్ల కిడ్నీని చాలా త్వరగా దెబ్బతీస్తాయి. రేపు పొద్దున్నే విశాఖ డాక్టరుకి ఫోన్ చేసి, అది ఆపి బదులు ఏం వేయాలో అడగండి. క్యాల్షియం బిళ్లలు కూడా అడగండి. మీ రిపోర్టులో క్యాల్షియం 10.6 అని చూసి కాస్తే ఎక్కువ అనుకుంటారు. కానీ రక్తంలో క్యాల్షియంలో సగం దాకా ఆల్బుమిన్‌ని పట్టుకుని తిరుగుతుంది, మీ నాన్నకి ఆల్బుమిన్ తక్కువ. మామూలు ఆల్బుమిన్ 4 అనుకుంటే, అందులో 3.0 పోతే 1, దాన్ని 0.8తో గుణించి 10.6కి కలిపితే 11.4. అసలు లెక్క అది. 11 దాటితే మేము గంట కొట్టినట్టే లెక్క. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మాటల్లో తికమక, మత్తుగా పడుకోవడం కనపడితే రిపోర్టుల కోసం ఆగకండి, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఊళ్లో వేసిన సూదుల్లో డెక్సా ఉందేమో కూడా కనుక్కోండి. నొప్పి సూదుల్లో కలిపేస్తుంటారు. ఆ స్టెరాయిడ్ ప్లాస్మా కణాల మీద పనిచేస్తుంది, మూలుగ పరీక్షకి ముందు పడితే లెక్క తక్కువగా వచ్చే అవకాశం ఉంది. దాచకుండా డాక్టరుకి చెప్పాలి.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న, రక్తంతోనే తేలిపోతుందా? తేలదు. రక్తం దారి చూపిస్తుంది. మైలోమా అని పేరు పెట్టాలంటే తుంటి ఎముక వెనక నుంచి మూలుగ తీసి, అందులో ఒకే అచ్చు ప్లాస్మా కణాలు 10 శాతం గానీ ఆపైన గానీ ఉన్నాయని చూడాలి, లేదా ఎక్కడైనా గడ్డ కట్టి ఉంటే ముక్క తీసి అదే జబ్బని తేల్చాలి. దాంతోపాటు శరీరానికి దెబ్బ తగిలి ఉండాలి: క్యాల్షియం 11 దాటడం, క్రియాటినిన్ 2 దాటడం, హిమోగ్లోబిన్ 10 లోపు, ఎముకలో కన్నాలు. 2014 నుంచి ఇంకో మూడు కలిపారు, దెబ్బ కనపడే దాకా ఆగకూడదని: మూలుగలో 60 శాతం పైన కణాలు, లైట్ చైన్ల నిష్పత్తి వంద పైన, ఎమ్మారైలో ఒకటికంటే ఎక్కువ మచ్చలు.

మామూలు ఎక్స్‌రే బాగుంది అన్నారని ఎవరైనా చెప్తే నమ్మి ఊరుకోవద్దు. ఎముకలో 30 శాతం దాకా సరుకు పోయాక గానీ ఎక్స్‌రేలో కన్నం కనపడదు.

---

నాగావళి68 | మంగళవారం ఉదయం 7:20

సారీ తమ్ముడూ, నేను తొందరపడి టీబీ అనేశాను. మీ వదిన తిట్టింది చదివి. విశాఖలో ఉండటానికి చోటు కావాలంటే గాజువాకలో మా బావమరిది ఇల్లుంది, మొహమాటపడకు. అగనంపూడిలో టాటా వాళ్లు నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అక్కడికి దగ్గరే.

---

వంశధార ఒడ్డు | మంగళవారం ఉదయం 9:03

పట్టు గారూ, ఫోన్ చేశాను. నొప్పి మాత్ర ఆపమన్నారు, క్యాల్షియం కూడా ఆపమన్నారు, నీళ్లు బాగా తాగించమన్నారు, వేరే మాత్ర చెప్పారు. ఆర్ఎంపీని అడిగితే మొదట ఏటేటో అన్నాడు, తర్వాత అవును డెక్సా వేశాను, కానీ ఆఖరిది పండక్కి ముందు అన్నాడు. అదీ డాక్టరుకి చెప్పాను. శాంపిల్ ఇచ్చేశాం, సీరం తీసే పంపారు, నేను పక్కనే నిలబడి చూశాను.

---

వంశధార ఒడ్డు | శనివారం సాయంత్రం 5:47

రిపోర్టులు వచ్చాయి. ఒక్కొక్కటి టైపు చేస్తున్నా.

ఎలక్ట్రోఫోరెసిస్: గామా దగ్గర ఎం బ్యాండ్, 4.6 గ్రాములు. ల్యాబ్ గది అన్నయ్య అన్న తాటిచెట్టు కాగితం మీద కనపడింది, నాకే తెలిసిపోయింది.
ఇమ్యునోఫిక్సేషన్: ఐజీజీ కప్పా.
ఐజీజీ బాగా ఎక్కువ, ఐజీఏ, ఐజీఎం రెండూ బాగా తక్కువ.
కప్పా 412, లాంబ్డా 9.8, నిష్పత్తి 42.
బీటా 2 మైక్రోగ్లోబ్యులిన్ 6.1. ఎల్‌డీహెచ్ మామూలే.

నిష్పత్తి వంద దాటలేదు కదా, అంటే కాదనుకోవచ్చా? ఐజీఏ తక్కువైతే మంచిదేనా?

---

బరంపురం పట్టు | శనివారం రాత్రి 9:18

కాదనుకోలేం. ఆ వంద అనేది ఏ దెబ్బా కనపడని వాళ్లకి మాత్రమే. మీ నాన్నకి హిమోగ్లోబిన్, క్యాల్షియం ముందే దాటాయి. మామూలుగా ఆ నిష్పత్తి 0.26 నుంచి 1.65 మధ్య ఉండాలి. కిడ్నీ మందగిస్తే రెండు గొలుసులూ నిలిచిపోతాయి కాబట్టి 3.1 దాకా చూసీచూడనట్టు వదిలేస్తాం. 42 అంటే కిడ్నీ మీద నెట్టేయగలిగింది కాదు.

ఐజీఏ, ఐజీఎం తగ్గడం మంచిది కాదండీ. ఆ చెడ్డ కణాలు మంచి కణాలకి చోటు లేకుండా చేశాయని అర్థం. కాగితం మీద యాంటీబాడీలు గుట్టలుగా ఉన్నా, పనికొచ్చేవి తక్కువ. అందుకే వీళ్లకి నిమోనియా లాంటివి ఊరికే వస్తాయి. జ్వరం వస్తే ఇంట్లో మాత్రలు వేసి కూర్చోవద్దు.

బీటా 2, ఆల్బుమిన్ రెండూ కలిపి స్టేజి చెప్తారు. 5.5 దాటితే మూడో స్టేజి లెక్కలోకి వెళ్తుంది, కానీ కిడ్నీ తగ్గినా ఇది పెరుగుతుంది. మూడు అనగానే మిగతా క్యాన్సర్లలో మూడో స్టేజిలా ఊహించుకోకండి, ఇది వేరే లెక్క. మూలుగ పరీక్ష తేదీ తీసుకోండి.

---

మహేంద్రతనయ | శనివారం రాత్రి 9:50

తమ్ముడూ, మా అమ్మ ఇప్పటికీ ఉంది. నాలుగేళ్లు దాటింది. చెయ్యి కాస్త వంకరగా అతికింది, అయినా ఆ చేత్తోనే అప్పడాలు ఒత్తుతుంది, వద్దన్నా వినదు. ఇంజక్షన్ పొట్ట మీద వేసేవారు, వారానికోసారి. మందులు మొదలయ్యాక లాంబ్డా అంకె నెలనెలా దిగడం చూడాలి, మా ఇంట్లో క్యాలెండర్ మీద రాసేవాళ్లం. మూలుగ పరీక్ష గురించి భయపడొద్దు. మత్తు సూది వేసి చేస్తారు, లాగేటప్పుడు రెండు నిమిషాలు మాత్రం పళ్లు బిగబట్టాలి. అమ్మ అన్నది: "నిన్ను కన్నదానికంటే తేలికే."

---

ధర్మాబాద్ మిర్చి | ఆదివారం ఉదయం 7:32

నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆకు మందు సంగతి మర్చిపోండి. మా యార్డు ఆయన్ని నిన్న అడిగాను, రెండేళ్లుగా పరీక్షకి పోలేదట. నేనే తీసుకెళ్తున్నా. ఏ పరీక్షలు రాయమని అడగాలి సిస్టర్?

---

ప్రాణహిత సిస్టర్ | ఆదివారం ఉదయం 10:11

సీబీసీ, క్రియాటినిన్, క్యాల్షియం, ఎలక్ట్రోఫోరెసిస్, లైట్ చైన్స్. పాత రిపోర్టు తప్పకుండా పట్టుకెళ్లు అన్నా. పాత అంకె పక్కన పెట్టి చూస్తేనే పెరిగిందా అలాగే ఉందా అని తెలిసేది. మా మామయ్య మూడేళ్ల కాగితాలు ఎలుకలు కొట్టేశాయి, అప్పటి నుంచి ఫోన్లో ఫొటోలు తీసి పెడుతున్నాం.

---

వంశధార ఒడ్డు | తర్వాతి శుక్రవారం రాత్రి 8:26

మూలుగ పరీక్ష అయింది. ప్లాస్మా కణాలు 38 శాతం. మైలోమా అని రాసిచ్చారు. అదే ముక్కలోంచి జన్యువుల పరీక్షకి కూడా పంపారు, అది రావడానికి టైం పడుతుందట.

నాన్నకి నేనే చెప్పాను, రైల్లో, పాతపట్నం దాటాక. కాసేపు కిటికీలోంచి చూసి, "అయితే బస్తా తప్పు కాదన్నమాట" అన్నాడు. ఎనిమిది నెలలుగా ఆ బస్తా ఎత్తమన్నది నేనే అని నాకూ ఒక బాధ ఉండేది, ఆయనకి తెలుసనుకోలేదు.

సోమవారం అడ్మిట్ చేస్తున్నారు. మాది ఒడిశా ఆరోగ్య కార్డు కాబట్టి ఆంధ్రా ఆసుపత్రిలో ఎలా చెల్లుతుందో హెల్ప్ డెస్క్‌లో అడగమన్నారు, కాగితాలు సిద్ధం చేస్తున్నా. ఈ విషయం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కొత్త థ్రెడ్‌లో రాయండి, ఇక్కడ కలిపితే వెతకడం కష్టం. నాగావళి అన్నయ్యా, గాజువాక నంబరు పర్సనల్ మెసేజ్‌లో పెట్టరా?

---

నాగావళి68 | శుక్రవారం రాత్రి 8:40

పెట్టాను. ఆదివారం రాత్రికి వచ్చేయండి, పక్క వేసి ఉంచమన్నాను. మెట్లు లేవు, కింద గదే.

---

ల్యాబ్ గది | శుక్రవారం రాత్రి 11:35

ఈ థ్రెడ్ చదివి ఒకరు నాకు మెసేజ్‌లో రిపోర్టు పెట్టారు, పేరు చెప్పను, సాలూరు వైపు వాళ్లు. టోటల్ ప్రొటీన్ 9.2, ఆల్బుమిన్ 3.4, వాళ్లమ్మకి 70 ఏళ్లు, కాళ్లు లాగుతున్నాయట. గ్లోబ్యులిన్ అచ్చువేయలేదు ఆ కాగితంలో, తీసివేత మనమే చేసుకోవాలి. 5.8. లివర్ జబ్బైనా కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, ఎలక్ట్రోఫోరెసిస్ చేయించమని చెప్పాను. రేపు ఉదయం ఏడింటికి మా దగ్గరికే వస్తున్నారు.